మెత్తటి నేల మీద తేలికైన వంతెన: డెల్టాలో ఫైబర్ కట్టడాల లెక్క

గోదావరి డెల్టాలో ఎంత చిన్న వంతెన కట్టినా ఖర్చులో పెద్ద వాటా నేల కిందికే పోతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న పంట కాలువలు, మురుగు కాలువలు, బోదెలు ఊరికీ చేనుకీ మధ్య, చేనుకీ చెరువుకీ మధ్య అడ్డం వస్తూనే ఉంటాయి. దాటడానికి ఉన్నవి కొబ్బరి దుంగలు, కాదంటే ఆర్‌సీసీ శ్లాబు. దుంగలు కొన్నేళ్లకు పుచ్చిపోతాయి. శ్లాబు బరువుకు కింది బంకమన్ను కుంగుతుంది, ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులు ఊడుతాయి. ఈ రెండింటికీ విరుగుడుగా గాజు ఫైబర్ కట్టడాల పేరు వినిపిస్తోంది. విరుగుడు నిజమే. అయితే ఇనుప దూలం తీసేసి అదే ఆకారంలో ఫైబర్ దూలం పెడితే పని జరగదు. ఎందుకు జరగదో, ఏం చేస్తే జరుగుతుందో ఒక ఉదాహరణ పట్టుకుని లెక్కేద్దాం.

నేల ఎంత మోస్తుంది

10 మీటర్ల వెడల్పున్న కాలువ మీద 1.5 మీటర్ల వెడల్పు కాలినడక వంతెన అనుకుందాం. జనం రద్దీ ఉండే చోట చదరపు మీటరుకు 500 కిలోల బరువు పట్టుకోవాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయే జనాన్ని చూసినవాళ్లకు ఈ అంకె ఎక్కువనిపించదు. మొత్తం 15 చదరపు మీటర్లకు జనం బరువు 7.5 టన్నులు.

ఇక వంతెన సొంత బరువు. 150 మి.మీ. శ్లాబు, కింద 250×600 మి.మీ. దూలాలు రెండు వేస్తే కాంక్రీటు దాదాపు 13 టన్నులు తూగుతుంది. అదే వంతెనను సరైన ఆకారంలో ఫైబర్‌తో కడితే ఒక టన్ను లోపే తేలుతుంది.

కింద ఉన్నది మెత్తటి బంకమన్ను. దాని కోత బలం (పక్కకు జారిపోకుండా తట్టుకునే బలం) 20 కిలోపాస్కళ్లు అనుకుంటే, పునాది లెక్కల్లో వాడే 5.14 గుణకంతో హెచ్చించి, భద్రత కోసం 3తో భాగిస్తే వచ్చేది 34 కిలోపాస్కళ్లు. అంటే చదరపు మీటరు నేల సుమారు మూడున్నర టన్నులు మోస్తుంది. కాంక్రీటు వంతెనకు ఒక్కో గట్టు మీద పడేది పదిన్నర టన్నులకు కాస్త తక్కువ. మూడు చదరపు మీటర్ల పునాది కావాలి. ఫైబర్‌కు నాలుగుంపావు టన్నులు, 1.25 చదరపు మీటర్లు చాలు. పునాది సొంత బరువు దీనికి అదనం.

ఇంతకంటే ముఖ్యమైన తేడా ఇంకోటుంది. బంకమన్ను ఒక్క రోజులో కుంగదు. పైనున్న బరువుకు మట్టి రేణువుల మధ్య నీరు ఏళ్ల తరబడి మెల్లగా పిండుకుపోతేనే కుంగుతుంది. జనం వస్తారు, పోతారు; వాళ్ల బరువుకు నీరు పిండుకుపోయేంత వ్యవధి ఉండదు. ఎప్పటికీ కూర్చునే ఉండేది సొంత బరువు ఒక్కటే. ఆ లెక్కన ఒక్కో గట్టు మీద కాంక్రీటుది 6.5 టన్నులు, ఫైబర్‌ది అర టన్ను. పదమూడు రెట్ల తేడా. డెల్టాలో ఫైబర్ వంతెనకు ఉన్న అసలు బలం ఇక్కడుంది. బ్రోచర్లలో రాసే తన్యతా బలంలో (లాగితే తెగకుండా నిలిచే బలంలో) లేదు.

ఇక్కడే ఒక బోల్తా కూడా ఉంది. వంతెనెక్కడానికి రెండు మీటర్ల ఎత్తున మట్టి పోసి ర్యాంపు చేస్తారు. ఘనపు మీటరు మట్టి 1.8 టన్నులు, రెండు మీటర్లకు చదరపు మీటరు మీద 3.6 టన్నులు. నేల మోయగలిగిన దానికంటే ఎక్కువ. వంతెన ఉన్నచోటే ఉంటుంది, ర్యాంపు కుంగుతుంది, రెండేళ్లు తిరిగేసరికి కలిసేచోట జానెడు మెట్టు తయారవుతుంది. అందుకని మిగిలిన డబ్బుతో వంతెనను రెండు వైపులా పొడిగించి మట్టి ఎత్తు తగ్గించడం మేలు. మట్టి తప్పదంటే, ఒక సీజను ముందే పోసి కుంగనిచ్చి తర్వాత వంతెన ఎక్కించాలి. ర్యాంపు వాలుకు కోనసీమలో దొరికే కొబ్బరి పీచు జియోటెక్స్‌టైల్ (మట్టి మీద పరిచే అల్లిక) పరిస్తే గడ్డి వేళ్లూనేదాకా వానకు మట్టి కోసుకుపోకుండా ఆపుతుంది.

కొబ్బరి పీచు ప్రస్తావన వచ్చింది కాబట్టి: దాన్నే రెజిన్‌లో (గట్టిపడే జిగురులో) కలిపి దూలాలు చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొబ్బరి పీచు ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా, వంగకుండా నిలిచే బిగువును చెప్పే అంకె) 4 నుంచి 6 గిగాపాస్కళ్లు, గాజు పీచుది 72. పైగా నీరు పీల్చి ఉబ్బుతుంది. తలుపు పలకలకు, పార్టిషన్ బోర్డులకు బాగుంటుంది. బరువు మోసే పనికి రాదు.

బలం ఉంది, బిగువు లేదు

కాకినాడ, యానాం, భైరవపాలెం వైపు వేట బోట్లు చేసేవాళ్లకు ఈ పదార్థం కొత్తది కాదు. గాజు పీచు మోస్తుంది, రెజిన్ దాన్ని కలిపి పట్టుకుంటుంది, ఉప్పునీటి నుంచి కాస్తుంది. బోటుకు వాడే చాప్డ్ మ్యాట్‌లో (తుంచిన గాజు పీచు పరుపులో) పీచు అన్ని దిక్కులకూ చెదిరి ఉంటుంది, బరువులో మూడో వంతుకు మించదు. వంతెన దూలాలకు వాడేది పుల్‌ట్రూజన్ సరుకు: ఫ్యాక్టరీలో గాజు నూలును రెజిన్‌లో తడిపి వేడి అచ్చులోంచి లాగుతారు. నూలు పొడవునా తిన్నగా ఉంటుంది, బరువులో 60 శాతం పైన గాజే. బోటు మ్యాట్ మాడ్యులస్ 6 నుంచి 8 గిగాపాస్కళ్లయితే దీనిది 20 నుంచి 28. బోటు యార్డులో వంతెన పలకలు, రెయిలింగు ప్యానెళ్లు చేయించవచ్చు కానీ ప్రధాన దూలాలు చేయించకూడదన్నది ఇందుకే.

పుల్‌ట్రూజన్ గొట్టం తాటి పట్టెలాంటిది: నిలువునా ఎంత లాగినా తట్టుకుంటుంది, అడ్డంగా మేకు దిగితే చీలుతుంది. అడ్డం దిక్కున దాని బిగువు నిలువులో మూడో వంతు, బలం ఇంకా తక్కువ. రెండు దిక్కుల అంకెలూ ఇవ్వని సరఫరాదారు దగ్గర దూలం కొనొద్దు.

ఇప్పుడు లెక్క. జనం బరువుకు వంతెన నడుమ వంగడం పొడవులో 500వ వంతు, అంటే 20 మి.మీ. దాటకూడదనుకుందాం. రెండు దూలాలు, ఒక్కోదాని మీద మీటరుకు 3.75 కిలోన్యూటన్లు. ఇనుము మాడ్యులస్ 200 గిగాపాస్కళ్లు కాబట్టి 350 మి.మీ. ఎత్తున్న ఐఎస్ఎంబీ (ఐ ఆకారపు ఇనుప) దూలం సరిపోతుంది. మీటరు 52 కిలోలు. ఫైబర్ మాడ్యులస్ 25 తీసుకుంటే ఎనిమిదో వంతు. అదే ఐ ఆకారాన్ని అన్ని వైపులా పెంచుకుంటూ పోతే దూలం ఎత్తు 590 మి.మీ. దాకా పోవాలి, పదార్థం 2.8 రెట్లు పట్టాలి. ఫైబర్ సాంద్రత ఇనుములో నాలుగో వంతే అయినా, మీటరు బరువు 36 కిలోల దగ్గర ఆగుతుంది. నాలుగో వంతు బరువని చెప్పి అమ్మిన సరుకు చివరికి మిగిల్చింది 30 శాతం. ధర మాత్రం 30 శాతం తగ్గదు.

ఆకారం మార్చితే కథ మారుతుంది. వంతెనకు రెయిలింగు ఎలాగూ కావాలి. ఆ రెయిలింగునే ట్రస్సుగా (కడ్డీలను త్రిభుజాలుగా కలిపిన చట్రంగా) కట్టి, పై కడ్డీకీ కింది కడ్డీకీ మధ్య 1.2 మీటర్ల ఎత్తు ఇస్తే, 20 మి.మీ. పరిమితికి ఒక్కో కడ్డీకి కావలసిన విస్తీర్ణం 13.6 చదరపు సెంటీమీటర్లే. బోల్టు రంధ్రాల్లో జారుడు, ఏటవాలు కడ్డీల సాగుదల కలుపుకుని 100 మి.మీ. చదరపు గొట్టం, 6 మి.మీ. మందం వాడదాం, 22.5 చదరపు సెంటీమీటర్లు, మీటరు 4.3 కిలోలు. నిండా జనం ఉన్నప్పుడు ఆ గొట్టంలో ఒత్తిడి 20 మెగాపాస్కళ్లు. గొట్టం తట్టుకోగలిగింది 200కు పైన. బలంలో పదో వంతు కూడా వాడకుండానే కొలతలు తేలిపోయాయి చూడండి. ఫైబర్ కట్టడాల్లో దాదాపు ఎప్పుడూ ఇంతే: వంపే కొలతలు నిర్ణయిస్తుంది.

ఈ ఆకారానికి ఒక బలహీనత ఉంది. పై కడ్డీ నొక్కుడులో ఉంటుంది, దాన్ని పక్కకు పట్టుకునేది ఏదీ లేదు. బరువు పడగానే రెయిలింగు విల్లులా బయటికి వంగబోతుంది. మీటరు, మీటరుంపావుకొక నిలువు కమ్మీని కింది అడ్డ దూలానికి కదలకుండా బిగిస్తేనే అది ఆగుతుంది. నిలువు కమ్మీకీ అడ్డ దూలానికీ మధ్య ఒకే బోల్టు వేసి వదిలేస్తే అది మడతబందులా తిరుగుతుంది. కనీసం రెండు బోల్టులు, దూరదూరంగా, లోపల ఏటవాలు గుస్సెట్ (మూలను బిగించే పలక).

బోల్టులు, గాలి, గుర్రపుడెక్క

ఫైబర్‌కు వెల్డింగు లేదు. ఇనుములో ఒక బోల్టు దగ్గర ఒత్తిడి పెరిగితే అక్కడి లోహం కాస్త సాగి పక్క బోల్టుకు బరువు పంచుతుంది. ఫైబర్ సాగదు; మొదటి బోల్టు దగ్గరే చిట్లుతుంది. అందుకే కడ్డీ చివర నుంచి మొదటి రంధ్రానికి బోల్టు వ్యాసానికి కనీసం నాలుగు రెట్లు దూరం ఉంచాలి. 12 మి.మీ. బోల్టయితే 48. రంధ్రం దగ్గర పడితే పీచు దిక్కునే ఒక పాయ ఊడి బయటికి వస్తుంది. రంధ్రాలు కార్బైడ్ లేదా డైమండ్ బిట్‌తో, వెనక చెక్క ఆనించి తొలవాలి. సుత్తీ ఉలీ పనికిరావు. తొలిచిన ప్రతి అంచుకూ, కోసిన ప్రతి మొహానికీ రెజిన్ పూయాలి. పూయకపోతే గాజు నూలు వెంట తేమ లోపలికి పాకుతుంది. డబ్బు మిగుల్చుకోవాలని ఈ ఒక్క పనీ వదిలేసే కాంట్రాక్టర్లు తక్కువేం కాదు. ఉప్పుగాలి ఊళ్లలో బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్‌వే ఉండాలి, రెండు వైపులా వెడల్పాటి వాషర్లతో. గొట్టం బోలుగా ఉంటుంది కాబట్టి లోపల స్పేసర్ (గోడలకు ఆనే ముక్క) పెట్టకుండా బిగిస్తే గోడ లోపలికి నొక్కుకుపోయి చిట్లుతుంది.

తేలికదనం నేలకు మేలు, గాలికి చేటు. తూర్పు తీరానికి తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు; 0.6 రెట్లు వేగం వర్గం అన్న సూత్రంతో చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల పైమాటే. మన వంతెన చదరపు మీటరుకు 67 కిలోలు. తుపానుకు వంతెన లేచిపోకుండా నాలుగు మూలలా పునాదిలోకి దిగిన యాంకర్ బోల్టులు కావాలి, బరువు మీద నమ్మకం పెట్టుకోకూడదు. నడిచే బల్ల పలకగా కాక జాలీ గ్రేటింగ్‌గా ఉంటే గాలి కొంత కిందనుంచి పైకి దాటిపోతుంది.

వరద లెక్క కూడా ఇలాంటిదే. రెండు చివరలూ మూసిన 100 మి.మీ. గొట్టం మీటరుకు 10 లీటర్ల నీటిని తోసేస్తుంది, దాని బరువు 4.3 కిలోలే, మునిగితే మీటరుకు 5.7 కిలోల బలంతో పైకి లేస్తుంది. కాబట్టి గొట్టాలకు కింద నీరు దిగే రంధ్రం, పైన గాలి పోయే రంధ్రం ఉండాలి. కాలువల్లో అయితే నీటికంటే ముందు గుర్రపుడెక్క వస్తుంది. కింది కడ్డీ నీటిమట్టానికి దగ్గరగా ఉంటే డెక్క దానికి చిక్కి గోడలా నిలబడుతుంది, ప్రవాహమంతా ఆ గోడను నెడుతుంది. గాలికి వేసిన లెక్క దాని ముందు ఏపాటి? వంతెన ఎత్తు పెట్టేటప్పుడు వరద మట్టానికి పైన డెక్క దాటే ఖాళీ వదలాలి.

లంక గ్రామాలకు వెళ్లే పాయల మీద ఇంకో దారి ఉంది: వరదకు ముందే తీసి పక్కన పెట్టే వంతెన. స్విట్జర్లాండ్‌లోని పొంత్రెసినాలో 1997లో ఇలాంటిదే వేశారు. 12.5 మీటర్ల రెండు ఫైబర్ ట్రస్సులు, మొత్తం 3.3 టన్నులు, ఏటి పొంగుకు ముందు హెలికాప్టర్‌తో ఎత్తేస్తారు, తర్వాత మళ్లీ దించుతారు. ఒక ట్రస్సును బోల్టులతో, రెండోదాన్ని జిగురుతో కట్టారు. మనకు హెలికాప్టర్ అక్కర్లేదు. టన్ను బరువుకు పంటు మీద చైన్ బ్లాక్ చాలు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు వస్తుంది. ఆ హెచ్చరిక విన్నాక స్పానర్లు వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది; విప్పే పని ఎవరిదో జూన్‌లోనే తేల్చుకోవాలి.

ఫైబర్ రాడ్ల బేరం

డెల్టాలో ఎక్కువ మోసం జరిగేది వంతెనల్లో కాదు, శ్లాబు రాడ్లలో. '12 ఎం.ఎం. ఇనుముకు బదులు 8 ఎం.ఎం. ఫైబర్ రాడ్ చాలు' అన్నది షాపుల్లో వినే మాట. తేల్చుకోవడం కష్టం కాదు.

12 మి.మీ. ఇనుప కడ్డీ విస్తీర్ణం 113 చదరపు మి.మీ., 8 మి.మీ. ఫైబర్‌ది 50. ఫైబర్ తన్యతా బలం 1000 మెగాపాస్కళ్లే అనుకున్నా తెగేటప్పటి బలం 50 కిలోన్యూటన్లు. ఎఫ్ఈ 500 రకం ఇనుము లొంగి సాగడం మొదలుపెట్టేదే 56 దగ్గర. తెగే బలంలోనే సమానం కాలేదు. ఎల్లకాలం ఉండే బరువుకు వస్తే, తేమకు 0.7తో తగ్గించి, ఏళ్ల తరబడి లాగి ఉంచితే గాజు అలసి తెగే గుణానికి మళ్లీ 0.3తో తగ్గిస్తారు, మిగిలేది పదిన్నర కిలోన్యూటన్లు. ఇనుముకు అదే పనికి 31 దాకా ఇవ్వొచ్చు. బిగువులో అయితే తేడా తొమ్మిది రెట్లు: శ్లాబు విరగకపోవచ్చు, కానీ వంగుతుంది, పగులుతుంది, పైన టైల్సు లేస్తాయి. ఇనుము విరిగేముందు సాగి హెచ్చరిస్తుంది; ఫైబర్ రాడ్ చివరిదాకా తిన్నగా ఉండి ఒక్కసారిగా తెగుతుంది. ఇంటి స్తంభాల్లో, ఫ్రేము దూలాల్లో దీన్ని పెట్టొద్దని చెప్పడానికి ఇది చాలు.

పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి: ఆక్వా చెరువుల తూములు, ఉప్పునీటి పంపు దిమ్మెలు, డ్రెయిన్ గోడలు, నేల మీద పరిచే రోడ్డు శ్లాబులు. ఇక్కడ ఇనుముకు అసలు జబ్బు తుప్పు, ఫైబర్‌కు అది పట్టదు. ఈ రాడ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 18256 2023లో వచ్చింది. బిల్లు మీద ఆ అంకె, టెస్టు సర్టిఫికెట్‌లో మాడ్యులస్ చూసి కొనాలి. సైటులో వంచడం కుదరదు. రింగులు, కొక్కేలు ఫ్యాక్టరీలో వంచి రావాలి, వంపు దగ్గర బలం 60 శాతానికి పడిపోతుందని డిజైన్‌లో లెక్కేయాలి. ఇంకో వింత: రాడ్ కాంక్రీటు కంటే తేలిక కాబట్టి వైబ్రేటర్ పెట్టగానే జాలీ పైకి తేలుతుంది. మీటరుకొక చోట కింది సెంట్రింగుకు కట్టేయాలి.

తయారీలో తప్పులు

పలకలు, రెయిలింగులు స్థానికంగా చేయిస్తే కొన్ని అంకెలు దగ్గరుంచుకోవాలి. చదరపు మీటరు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొరకు చదరపు మీటరుకు కిలో రెజిన్ పడుతుంది, మందం ఒక మి.మీ. వస్తుంది. అంతకంటే ఎక్కువ రెజిన్ పోస్తే బరువు పెరుగుతుంది, బలం పెరగదు. గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలపాలి, తర్వాతే దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ 1 నుంచి 2 శాతం. ఈ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. రెండు డబ్బాలూ ఒకే అరలో ఉంచడం కూడా తప్పే. మే ఎండలో రెజిన్ నిమిషాల్లో గడ్డకడుతోందని క్యాటలిస్ట్‌ను 1 శాతం కంటే తగ్గిస్తారు. పైకి గట్టిపడినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. పొద్దున్నే పని ముగించడం దానికి సరైన మందు. వానాకాలంలో మ్యాట్ తేమ పీలిస్తే రెజిన్ సరిగా తడపదు. తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, ఏడాదికి అక్కడ బుడగలు లేస్తాయి.

ఎండకు పై రెజిన్ అరిగి పీచు బయటపడకుండా సర్ఫేస్ వెయిల్ అనే పలుచటి పై పొర, దాని మీద పాలీయురెథేన్ పెయింటు ఉండాలి. రంగు లేతదై ఉండాలి. నల్లటి పలక మే నెలలో 60 డిగ్రీలు దాటుతుంది, మామూలు పాలిస్టర్ రెజిన్ మెత్తబడే హద్దు కొన్నిసార్లు 70 దగ్గరే. నీటి మీద ఉండే దూలాలకు వినైల్ ఎస్టర్ రెజిన్ అడగాలి. వంతెన కింద కొబ్బరి డొక్కలు పోగేసి తగలబెట్టే అలవాటున్న చోట అగ్ని నిరోధక ఫిల్లర్ ఉన్న సరుకే తీసుకోవాలి.

అన్ని ఊళ్లకూ ఇది అక్కర్లేదు. మండపేట, రామచంద్రపురం వంటి లోపలి ఊళ్లలో జింకు పూత వేసిన ఇనుప ట్రస్సు తక్కువ ధరకు చాలా కాలం ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం గాలిలో అదే ట్రస్సు మాటిమాటికీ రంగు అడుగుతుంది. ఫైబర్ ధర అక్కడ గిట్టుబాటవుతుంది.

సరుకు దింపుకునేటప్పుడు నాలుగు పరీక్షలు సైటులోనే అయ్యేవి. నాణెంతో తడుతూ పోతే పొరలు విడిన చోట గణగణ పోయి బొద్దు శబ్దం వస్తుంది. అసిటోన్ గుడ్డతో రుద్దితే జిగురు తగిలిన చోట రెజిన్ ఉడకలేదు. గట్టిదనం కొలిచే బార్‌కోల్ మీటరు 35 కంటే తక్కువ చూపిస్తే వెనక్కి పంపాలి. ఒక గొట్టాన్ని రెండు దిమ్మెల మీద పెట్టి ఇసుక బస్తాలేసి వంపు కొలిస్తే సర్టిఫికెట్‌లోని మాడ్యులస్ నిజమో కాదో తేలుతుంది. అయిదోది లాబ్‌కు పంపాలి: కోసిన ముక్కను 565 డిగ్రీల కొలిమిలో కాల్చి మిగిలిన బరువు తూస్తే అందులో గాజు ఎంతో తెలుస్తుంది. వంతెన నిలబెట్టాక మొదటి వానాకాలం దాటగానే బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే స్పానర్‌తో) మళ్లీ చూసుకోవాలి, ఆ పనిని టెండరులోనే రాయించుకోవాలి.